గోడ అవతలి ఫైనల్

లీవు మీద ఇంటికొచ్చిన మనిషిని మా ఆర్మూర్ వైపు ఎవరూ రెండు ప్రశ్నలు విడివిడిగా అడగరు. "ఎప్పుడొచ్చినవ్, మళ్ల ఎప్పుడు పోతున్నవ్" అని ఒక్క ఊపిరిలో అడిగేస్తారు. వాళ్ల తప్పేం లేదు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లు మావి. వచ్చినవాడు పోవడానికే వచ్చాడని అందరికీ తెలుసు. అయినా ఈసారి బస్టాండు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, చివరికి చావింటికి పలకరింపుకు పోయినచోట కూడా అదే ప్రశ్న వినీ వినీ నాకు విసుగొచ్చింది. ఒకాయనతో అయితే "రేపే పోత తియ్యి" అని కసిరాను. ఆయన నొచ్చుకున్నాడు.

కువైట్‌లో ఒక బిల్డింగుల కంపెనీ స్టోరులో పని చేస్తాను. సిమెంటు, ఇనుము, పైపులు చూసుకోవడం. నీడపట్టున కూర్చునే పని అని ఊళ్లో అనుకుంటారు. ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద ఒక్క పూట కూర్చుంటే ఆ మాట అనరు. రెండేళ్లకోసారి లీవు దొరికితే పసుపు పని నడిచే రోజులు చూసుకుని వస్తాను. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం అంతా మా ఆవిడ ఒక్కతే ఈడ్చుకురాలేదు. అందుకని లీవు పేరుకే లీవు. అక్కడ షెడ్డులోంచి లేచి ఇక్కడ పసుపు ఉడికించే బాయిలర్ ఆవిరి ముందు నిలబడటం, అంతే తేడా.

ఈసారి మాత్రం పసుపు కోసం రాలేదు. మా ఒక్కగానొక్క బిడ్డ డిగ్రీ చివరి సంవత్సరం. వాళ్ల కాలేజీ ఆడపిల్లల బేస్‌బాల్ టీములో బంతి విసిరేది తనే. యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నిటికీ జరిగే టోర్నమెంటు ఈసారి ఆర్మూర్‌లో, వాళ్ల కాలేజీ గ్రౌండులోనే పెట్టారు. మూడేళ్లుగా ఆడుతోంది, ఒక్క ఆట కూడా నేను ఎదురుగా ఉండి చూసింది లేదు. ఇదయ్యాక ఇంక కాలేజీ లేదు, టీము లేదు. పిల్ల బంతి వేస్తుంటే ఒక్కసారి నా కళ్లతో చూడాలని, సూపర్‌వైజర్‌ను బతిమాలుకుని, వేరేవాడి లీవుతో మార్పించుకుని మరీ వచ్చాను. ఫైనల్ అయిన మర్నాడే నా ఫ్లైటు.

ఫోన్లో మాత్రం చాలాసార్లు చూశాను. ఆట ఉన్న రోజు మా ఆవిడ పొలం పని వదిలేసి, గ్రౌండు చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడి నాకు వీడియో కాల్ చేస్తుంది. నేను షెడ్డులో పైపుల చాటున కూర్చుని చూస్తాను. ఆమె వీడియో సంగతి చెప్పాలంటే, సగం ఆకాశం, పావు వంతు ఆమె బొటనవేలు, మిగిలిన దాంట్లో ఆట. అయినా ఆ పావులోనే బేస్‌బాల్ అంటే ఏమిటో నాకు కొద్దికొద్దిగా తెలిసింది. విసిరే పిల్ల మధ్యలో నిలబడుతుంది. బ్యాటు పట్టిన పిల్లకు అందేటట్టు, అయినా తగలకుండా వేయాలి. మంచి బంతులు మూడు దాటిపోతే బ్యాటు పిల్ల ఔటు. చెడ్డ బంతులు నాలుగు పడితే మాత్రం ఆ పిల్ల ఏ కష్టమూ లేకుండా నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోతుంది. అట్లా నాలుగు బేస్‌లు చుట్టి వస్తే ఒక పరుగు. ఇంతకు మించి అడిగితే నాకు తెలియదు.

మా పిల్లకు ఒక అలవాటు ఉంది. బంతి వేయబోయే ముందు వాళ్లమ్మ వైపు ఒకసారి చూస్తుంది. చేయి పైకెత్తి ఉందా, ఫోను నిలబడి ఉందా అని. ఉంటే తల పంకించి మళ్లీ ఆటలో పడిపోతుంది. ఫోన్లో అది చూసినప్పుడల్లా నాకు పొంగిపోయినట్టుండేది. నా కోసమే చూస్తోందని అనుకునేవాణ్ణి.

మొదటి రోజు ఆటకు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. ఆటలు నేర్పే పీడీ సారు ఎదురొచ్చి చేయి కలిపి, "అన్నా, మీ బిడ్డ మా టీముకు పానం" అని, షామియానా కింద పెద్దమనుషుల వరసలో కుర్చీ వేయించాడు. సరిగ్గా పిల్లకు ఎదురుగా, బ్యాటు పిల్ల వెనక. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాను. మా ఆవిడ మాత్రం తన అలవాటు ప్రకారం తాడు దగ్గరికే పోయింది. ఆమె చేతిలో ఫోను లేదు. నేనే వచ్చాక ఫోను ఎందుకు.

పిల్ల మధ్యలోకి వచ్చింది. వాళ్లమ్మ వైపు చూసింది. వాళ్లమ్మ రెండు చేతులూ ఖాళీ. తర్వాత నా వైపు చూసింది. నేను చేయి ఊపాను. తను నవ్వలేదు. మొదటి బంతి బ్యాటు పిల్లకు అందనంత పక్కగా పోయింది. రెండోది నేలకు కొట్టింది. నాలుగూ చెడ్డవే. ఆ పిల్ల నడుచుకుంటూ పోయింది. తర్వాతి పిల్లా నడిచింది. ఆ తర్వాతి పిల్లా నడిచింది. బేస్‌లన్నీ నిండిపోయాయి. నేను ఊరుకోలేక "ఏం గాదు బిడ్డా, నిమ్మళంగ ఎయ్యి" అని గట్టిగా అరిచాను. పక్కనున్న పెద్దమనుషులు నా వైపు చూశారు. తర్వాతి బంతి వెనక బంతి పట్టే క్యాచర్ తల మీదుగా పోయి షామియానా గుంజకు తగిలింది.

పీడీ సారు నడుచుకుంటూ పోయి, పిల్ల భుజం తట్టి, చేతిలో బంతి తీసుకుని ఇంకో పిల్లకు ఇచ్చాడు. ఆ ఆట వాళ్లు ఎట్లాగో గెలిచారు, మా పిల్ల లేకుండానే. తను బెంచీ చివర కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ కడుతూ ఉంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. కువైట్ నుంచి ఇంత దూరం వచ్చి నేను చూసింది అదీ.

ఇంటికొచ్చాక అన్నాలు తినేటప్పుడు నాకు కోపం ఆగలేదు.

"ఏమైందే నీకు? ఫోన్ల సూసినప్పుడు మంచిగనే ఏస్తివి గదా."

పిల్ల ప్లేటు వైపే చూసింది. మా ఆవిడ మధ్యలో అందుకుంది. "ఇడిసిపెట్టు. నిన్ను సూసి బెదిరింది."

"నన్ను సూసి బెదురుడేంది? నేనేమన్న దయ్యాన్నా?"

"గట్ల గాదు బాపూ," అంది పిల్ల. తోటి పిల్లలంతా డాడీ అంటుంటే మాది మాత్రం ఇప్పటికీ బాపు అనే అంటుంది. "నువ్వు ఫోన్ల ఉంటే నాకు ధైర్నంగ ఉంటది. సూస్తున్నవ్ అని తెలుస్తది. గాని నీ మొకం కనవడది గదా. గీడ కూసుంటే నీ మొకం కనవడుతుంది. బాల్ అటు పోతే నీ మొకం గుంజుకపోతుంది. గది సూసుకుంటనే ఏసిన."

నేను చేయి కడుక్కుని బయటికి పోయి, వాకిట్లో ఆరబోసిన పసుపు మీద కప్పిన పట్టా సరిచేస్తున్నట్టు చాలాసేపు గడిపాను. నిజంగా బాధయింది. బతిమాలి లీవు మార్చుకున్నది నా మొహం పిల్లకు భయం పుట్టించడానికా అనిపించింది.

రెండో రోజు సెమీఫైనల్. బాయిలర్ మనిషి వస్తానన్నాడని చెప్పి నేను ఇంట్లో ఉండిపోయాను. బాయిలర్ వచ్చిన మాట నిజమే. కానీ అది మర్నాటికి జరపమంటే జరిగేదే, నేను అడగలేదు. ఆవిరి గొట్టం పట్టుకుని నిలబడ్డప్పుడు ఫోను మోగింది. మా ఆవిడ వీడియో కాల్. అదే ఆకాశం, అదే బొటనవేలు. పిల్ల మధ్యలో నిలబడి వాళ్లమ్మ వైపు చూసి తల పంకించింది. చేయి వెనక్కి తీసింది. బ్యాటు పిల్ల గాల్లో ఊపింది, బంతి క్యాచర్ చేతిలో ఉంది. ఆ ఆటలో మా పిల్ల ఒక్కరిని కూడా ఊరికే నడవనివ్వలేదు. బాయిలర్ మనిషి "పసుపు మెత్తగైతుంది అన్నా, ఫోను పక్కకు వెట్టు" అని తిట్టాడు. కొమ్ములు కొన్ని నిజంగానే మెత్తబడిపోయాయి. అంత సంతోషంలోనూ లోపల ఎక్కడో నీరసంగా ఉంది. నా ఇంటి నుంచి గ్రౌండు ఆటోలో పోయేంత దూరం. అక్కడికి పోకుండా కువైట్‌లో ఉన్నట్టే పైపు పట్టుకుని చూస్తున్నాను.

సాయంత్రం పీడీ సారు మా ఇంటికే వచ్చాడు. చాయ్ తాగాడు, పసుపు ఎట్లుంది అన్నాడు, అటూ ఇటూ తిరిగి అసలు మాటకొచ్చాడు.

"అన్నా, ఏమనుకోవద్దు. రేపు ఫైనల్. అవతలి టీం మస్తు బ్యాటింగ్ చేస్తది. మీ బిడ్డ తప్ప నా దగ్గర ఇంకెవ్వరు లేరు. జర మీరు..."

ఆయనకు ఆ మాట పూర్తి చేయడం రాలేదు. పాపం, మంచివాడు.

"నేను రాను సార్," అన్నాను. "ఫికర్ చెయ్యకుండ్రి."

లోపలి గదిలో పిల్ల వింటోంది. బయటికి రాలేదు.

ఫైనల్ పొద్దున వాళ్లిద్దరూ పోయాక సూట్‌కేసు ముందేసుకుని కూర్చున్నాను. ఊరగాయ డబ్బా, పసుపు పొట్లం, మందులు. పెట్టిన చొక్కా మళ్లీ తీసి మళ్లీ పెట్టాను. రేపు ఈ పాటికి నేను శంషాబాద్‌లో లైనులో నిలబడి ఉంటాను. చూడకుండా ఎట్లా పోవడం? చెప్పులేసుకుని ఆటో ఎక్కాను.

కాలేజీ గ్రౌండుకు వెనకవైపు ప్రహరీ గోడ ఉంది. నా గడ్డం దాకా వస్తుంది. దాని ఇవతల ఖాళీ జాగాలో ఎవరో పసుపు ఆరబోశారు. నడవడానికి సందు వదిలి, మిగతా అంతా కొమ్ములే. గోడ పక్కన ఒక బండరాయి కనిపిస్తే దాని మీద కూర్చున్నాను. కూర్చుంటే తల గోడకంటే కిందికి ఉంటుంది. లేస్తే గ్రౌండంతా కనపడుతుంది. లేవకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. మా ఆవిడకు ఫోన్ చేసి వీడియో పెట్టమన్నాను. ఎక్కడున్నానో చెప్పలేదు. ఇంట్లో ఉన్నాననే ఆమె అనుకుంది.

ఆట మొదలైంది. అప్పుడొక చిత్రం జరిగింది. చప్పుడు గోడ మీదుగా ముందు వచ్చేది, ఫోన్లో బొమ్మ తర్వాత వచ్చేది. బంతి క్యాచర్ చేతి తొడుగులో థప్పుమని పడిన సంగతి నా చెవికి తెలిసిపోయాక, ఫోన్లో మా పిల్ల ఇంకా చేయి వెనక్కి తీస్తూ ఉండేది. బ్యాటుకు తగిలిన చప్పుడు వచ్చిందంటే, ఏమైందో చూడటానికి ఫోను దాకా ఆగాల్సి వచ్చేది. ఇన్నేళ్లూ కువైట్‌లో ఇట్లాగే ఆలస్యంగా చూశానన్న మాట. అప్పుడు చప్పుడు వేరే వినపడేది కాదు కాబట్టి ఆలస్యమని తెలియలేదు.

పసుపు తిరగేస్తున్న ఒక ముసలమ్మ పని ఆపి నా దగ్గరికొచ్చింది.

"ఏంది కొడుకా, ఆట గోడకవతల ఆడుతుంటే నువ్వు ఫోన్ల సూస్తున్నవ్? లేసి నిలవడరాదు?"

"మా బిడ్డ ఆడుతుంది అవ్వా. నేను కనవడితే బెదురుతది."

"కన్నతండ్రిని సూసి బెదురుడేంది?"

"కువైట్ల ఉంట."

ఆమె ముఖం మీది చెమట కొంగుతో తుడుచుకుంది. "మావోడు సౌదీల ఉంటడు," అంది. "ఆడు ఇంటికొస్తే ఆని బిడ్డ నా ఎనక దాసుకుంటది. ఆడు పోయినంక రోజు ఫోన్ల నాయినా నాయినా అని ఒకటే ముచ్చట." మళ్లీ పోయి కొమ్ములు తిరగేసుకుంది. నా దగ్గరలో ఉన్నవి మాత్రం చప్పుడు కాకుండా నెమ్మదిగా తిరగేసింది.

ఆట చివరికి వచ్చింది. మా కాలేజీ ఒక్క పరుగు ముందుంది. అవతలి వాళ్లకు ఇదే ఆఖరి వంతు. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరు ఔటైతే గెలిచినట్టే. కానీ వాళ్ల పిల్ల ఒకతి మూడో బేస్ మీద సిద్ధంగా ఉంది. బ్యాటు పట్టినది అందరికంటే ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల. మా పిల్ల రెండు మంచి బంతులు వేసింది, మూడు చెడ్డవి పడ్డాయి. ఇంకొక్క బంతితో ఏదో ఒకటి తేలిపోతుంది. ఫోన్లో తను మోకాలు మీద చేయి పెట్టుకుని వంగి, ఊపిరి తీసుకుంటోంది. లేచింది. వాళ్లమ్మ వైపు చూసింది.

అక్కడే బొమ్మ ఆగిపోయింది. పిల్ల ముఖం ఫోను వైపు తిరిగి, అట్లాగే నిలిచిపోయింది. నెట్టు పోయింది.

నేను బండ మీదినుంచి సగం లేచాను. లేస్తే చాలు, తల పైకి వస్తుంది, నా బిడ్డను రెండు కళ్లతో చూస్తాను, దాని కోసమే వచ్చాను. చేతులు గోడ మీద వేశాను కూడా. ఇంతలో తను ఇటు తిరిగితే? బంతి వేసే ముందు వెనకనున్న పిల్లలకు సైగ చేయడానికి తిరుగుతుంది, ఫోన్లో చాలాసార్లు చూశాను. ఈ గోడ సరిగ్గా ఆ వెనక వైపే ఉంది. నా తల చూస్తుంది. నా ముఖం ఎట్లా ఉందో నాకే తెలుస్తోంది, గుంజుకుపోయి ఉంది. మళ్లీ కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టపడి కూర్చున్నది లేదు. కళ్లు మూసుకున్నాను. గోడ అవతల ఉన్నట్టుండి అందరూ నిశ్శబ్దమైపోయారు.

థప్ అని వినిపించింది.

బ్యాటు చప్పుడు లేదు. అంటే బంతి దాటిపోయింది. కానీ మంచిదా చెడ్డదా? అంపైర్ ఏమంటున్నాడో ఇవతలికి వినపడలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా కేకలు లేచాయి. ఎవరి కేకలో తెలియదు. ఆడపిల్లలందరి గొంతులూ ఒక్కటిగానే ఉన్నాయి. ఫోన్లో బొమ్మ కదిలింది, నేల, చెప్పులు, ఆకాశం. మా ఆవిడ పరిగెత్తుతోంది. తర్వాత ఎవరో ఫోను లాక్కున్నారు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖం, నుదుటికి అతుక్కున్న వెంట్రుకలు, మా పిల్ల.

"బాపూ, గెలిచినం," అంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

నేను తల ఊపాను. పిల్ల ఏదో చెప్పబోయి ఆగి, ఫోనులోకి వంగి చూసింది.

"నీ ఎనక గా పసుపు ఎవలది? మన వాకిలి గాదు గదా. యాడున్నవ్ బాపూ?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది. "గీడనే," అన్నాను. "గ్రౌండు ఎనక గోడకున్న."

"మొదటికెల్లి గీడనే ఉన్నవా?"

"ఆ."

పిల్ల ఫోను పట్టుకునే పరుగందుకుంది. ఫోన్లో గ్రౌండు ఊగుతూ నా వైపు రావడం మొదలైంది. బూట్ల చప్పుడు గోడ అవతల ముందు వినిపించింది, తర్వాత ఫోన్లో. నేను లేచి నిలబడ్డాను. చేయి చాపితే అందేంత దగ్గరగా వచ్చి ఆగింది. భుజం మీద ఎర్రమట్టి, మోచేతి దగ్గర గీరుకుపోయి రక్తం. ఫోన్లో ఎప్పుడూ కనపడనంత పొడుగ్గా ఉంది.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను ఏదో అనాలనుకున్నాను. మంచిగా ఆడినవ్ అనాలి, రక్తం కడుక్కో అనాలి. రేపు పోతున్న అని కూడా అనాలేమో. ఒక్కటీ బయటికి రాలేదు. ఇద్దరమూ చుట్టాలింట్లో కొత్తవాళ్లలాగా నిలబడిపోయాం. తనూ తల పక్కకు తిప్పుకుంది, నేనూ పసుపు వైపు చూశాను.

అప్పుడు పిల్ల చేతిలో ఇంకా నడుస్తున్న ఫోనును మెల్లగా ముఖం ముందుకు తెచ్చుకుంది. నా వైపు కాకుండా దాని వైపు చూస్తూ, "బాపూ, గా ఆఖరు బాల్ ఎట్ల ఏసిన్నో చెప్పనా?" అంది. గొంతు గోడ మీదుగా ఒకసారి, నా చేతిలోంచి ఇంకోసారి వినిపించింది. నేను కూడా నా ఫోను ఎత్తి పట్టుకుని, "చెప్పు బిడ్డా" అన్నాను. ఇక తను ఆగలేదు. బంతి ఎట్లా పట్టుకుందో, క్యాచర్ ఏం సైగ చేసిందో, భయాన్ని ఎట్లా ఆపుకుందో అంతా చెప్పింది. నేను అడిగిందే మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. వాళ్లమ్మ వచ్చి, ఇంటికి పోదాం పదమని ఇద్దరినీ పిలిచేదాకా గోడకు అటొకరం ఇటొకరం నిలబడి ఫోన్లోనే మాట్లాడుకున్నాం.